పూడ్చని చిల్లు

చింతపండు తగిలిన రాగికి ఒక వాసన ఉంటుంది. పుల్లగా మొదలై, నాలుక చివర చేదుగా ఆగుతుంది. ఈ ఉదయం మా ఆవిడ పెరట్లో రాగి బిందె తోముతుంటే ఆ వాసన వరండాలోకి వచ్చింది. అప్పటికి నా ముందు ఒక చిన్న కవరు విప్పి ఉంది. అమెరికా నుంచి పోస్టులో వచ్చింది. లోపల మన పాత రూపాయి బిళ్ళంత రాగి నాణెం. ఒకవైపు జుట్టు విరబోసుకున్న స్త్రీ తల, రెండోవైపు ఆకుల దండ. రెండు వందల ఏళ్ళ కిందటి సెంటు అది. సరిగ్గా తల పైన చిల్లు. అమ్మినతను మర్యాదస్తుడు. చిల్లు ఉన్న సంగతి ముందే చెప్తున్నాను, వద్దనుకుంటే వెనక్కి పంపండి అని చీటీ పెట్టాడు. నేను దాన్ని కొన్నదే చిల్లు ఉందని.

నా దగ్గర ఇలాంటివి ఒక పళ్ళెం నిండా ఉన్నాయి. అన్నీ అమెరికా వాళ్ళ తొలినాటి రాగి నాణేలే, అన్నీ చెడిపోయినవే. చిల్లు పడినవి, ఎవరో గాట్లు పెట్టినవి, అంచు అరగదీసినవి. నాణేలు పోగుచేసే మిత్రులు నన్ను చూసి నవ్వుతారు. లెక్కలు ఇంత బాగా తెలిసినవాడివి, ఏది నిలుస్తుందో ఏది నిలవదో తెలియదా అంటారు. నేను వాదించను. చెప్పవలసిన మనిషి ఎప్పుడో చెప్పేసి వెళ్ళిపోయారు. ఆవిడ పేరు కృపమ్మ గారు. బందరులో పాత రాగి, ఇత్తడి తీసుకొని కొత్త స్టీలు సామాను ఇచ్చే కొట్టు ఆవిడది. తొంభైల మధ్యలో ఆ కొట్లో నేను గుమస్తాగా చేరాను.

ఇంటర్ రెండోసారి కూడా తప్పి తిరుగుతున్న రోజులవి. తప్పింది లెక్కల్లో అయితే కాస్త సిగ్గుపడేవాణ్ణి. తప్పింది ఇంగ్లీషులో. లెక్కలు నాకు ఎవరూ నేర్పలేదు. మా ఊళ్ళో ధాన్యం కాటా దగ్గర కూర్చుని వినివిని వచ్చాయి. ఆ ధైర్యంతోనే చిలకలపూడి వైపు వెళ్ళే రోడ్డులో ఉన్న ఆ కొట్టుకు వెళ్ళి పని అడిగాను. తెల్ల వాయిల్ చీర, కళ్ళజోడు, మెడలో నూలు తాడు, గట్టి గొంతు. అరవై దాటి ఉంటాయి. ఆవిడ నా చదువు అడగలేదు. కాళ్ళ దగ్గరున్న బిందె ఒకటి నా వైపు తోశారు.

"దీని అడుగున సీసం అతుకు ఉంది. తరుగు ఎంత తీస్తావు?"

బిందె తిప్పి చూశాను. అతుకు లోపలికి ఎంత పోయిందో పైకి తెలియడం లేదు. ఏదో ఒక అంకె చెప్పేయవచ్చు. నోరు రాలేదు.

"విప్పి తూస్తే గానీ చెప్పలేనండి."

"ఇందాక వచ్చినోడు ఠక్కున చెప్పేశాడు. మంచి చురుకు." ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "నువ్వు రేపట్నుంచి రా."

ఆ రోజుల్లో మా వైపు ప్రతి ఇంట్లోనూ రాగి, ఇత్తడి బయటికి పోయి స్టీలు లోపలికి వచ్చింది. తోమే ఓపిక ఎవరికీ లేదు. దివిసీమ నుంచి, ఘంటసాల నుంచి, పమిడిముక్కల నుంచి గోనెలకు గోనెలు వచ్చేవి. గంగాళాలు, చెంబులు, మరచెంబులు, ఆకారం పోయిన మూకుళ్ళు. వారానికోసారి అవన్నీ కొలిమికి వెళ్ళేవి. కరిగిన రాగి మళ్ళీ చిలకలపూడి గిల్టు నగల పనివాళ్ళ దగ్గరకు చేరేది. అందరి కొట్లలోనూ జరిగేది ఇదే. ఒక్క కృపమ్మ గారి కొట్లో మాత్రం, బండి ఎక్కించేముందు గోనెలు బోర్లించాలి. ఆవిడ పీట వేసుకొని కూర్చునేవారు. ఒక్కో పాత్రా తీసి, అంచు మీద కొట్టించిన పేరు పైకి చదివేవారు. మన ఇళ్ళలో కొత్త పాత్ర కొంటే పేరు కొట్టించందే పొయ్యి ఎక్కదు గదా. "సుబ్బమ్మ, ఘంటసాల." "చిరంజీవి రత్నానికి మేనమామ ఇచ్చినది." "శేషయ్య జ్ఞాపకార్థం." చదివిన పాత్ర గోనెలోకి వెళ్ళేది. చదవని పాత్ర ఎంత తొందరలోనైనా వెళ్ళేది కాదు.

పక్క కొట్లవాళ్ళు దాన్ని తమాషా చేసేవారు. "కృపమ్మ గారి కొట్లో గిన్నెలకి హాజరు వేస్తున్నారు, కాసేపాగి రండి" అని మా దగ్గరకు వచ్చేవాళ్ళకు చెప్పేవారు. నాకు చిన్నతనంగా ఉండేది. ఒకరోజు అడిగేశాను.

"ఎందుకండీ చదవడం, ఎలాగూ కరిగేదే గదా?"

"కరిగేది రాగి. దానికి మనం డబ్బులిచ్చాం. పేరుకి ఇచ్చామా?"

"లేదండి."

"మరి? ఊరికే వచ్చినదాన్ని ఊరికే పోనీకూడదు. ఒకసారి పైకి అంటే ఏం పోయింది, నోరు అరుగుద్దా?"

ఆ గోనెల్లోనే పాత నాణేలు దొరికేవి. పసుపు డబ్బాల అడుగున, తాళం గుత్తులకు, చెంబు మెడకు చుట్టిన తీగకు. డచ్చివాళ్ళవి, కంపెనీవాళ్ళవి, ఏ రాజువో తెలియనివి. మిగతా కొట్లలో అవి రాగి లెక్కలోనే పోయాయి. ఆవిడ ఒక్కటి కూడా కొలిమికి పోనివ్వలేదు. స్టీలు పళ్ళెంలో పోసి, పైన ఎర్ర గుడ్డ కప్పి, గల్లాపెట్టె పక్కన పెట్టుకునేవారు. ఎవరైనా అడిగితే చూపించేవారు, ఎవరైనా కొంటామంటే గుడ్డ కప్పేసేవారు.

ఆవిడ అన్నిటికంటే ప్రాణంగా చూసుకునేది మాత్రం ఆ పళ్ళెంలో లేదు. మెడలో ఉంది. ఆ నూలు తాడుకు ఒక రాగి బిళ్ళ ఉండేది. నేను మొదట సిలువ అనుకున్నాను. వాళ్ళ పాస్టరు గారు తాయెత్తులా ఉందని ఒకసారి మందలించారట. "మా ముత్తాతకి ఇది ఇచ్చింది మీ మిషను దొరసానేనండి. కావాలంటే ఆవిణ్ణి అడగండి" అని వచ్చేశారట. ముత్తాతది నాగాయలంక దగ్గర పల్లె. కాలువ మీద పడవ నడిపేవాడు. ఒక వానాకాలం అవనిగడ్డ నుంచి ఒక అమెరికా మిషను డాక్టరమ్మను పడవ మీద పల్లెపల్లెకూ తిప్పాడు. వెళ్ళిపోతూ ఆమె తన సంచిలోంచి ఈ బిళ్ళ తీసి అతని చేతిలో పెట్టింది. కూలి వేరే ఇచ్చింది. ఇది ఎందుకిచ్చిందో చెప్పలేదు, చెప్పినా అతనికి అర్థం కాలేదు. బజారుకు తీసుకెళ్తే ఏ కొట్టువాడూ తీసుకోలేదు. ఇది ఏ రాజుదీ కాదు, ఆడమనిషి బొమ్మ ఉంది, చెల్లదు అన్నారు. అందరూ చెల్లదన్నదాన్ని అతను మేకుతో చిల్లు కొట్టి మెడలో కట్టుకున్నాడు. ఆ ఇంట్లో అప్పట్నుంచి అది మెడ దిగలేదు. ఉప్పెన వచ్చినప్పుడు ఇంట్లోది ఏదీ మిగల్లేదు. మెడలోది మిగిలింది. ఆ సంగతి ఆవిడ నాతో ఒకే ఒక్కసారి అన్నారు. నేను మళ్ళీ అడగలేదు.

ప్రతి క్రిస్మస్‌కూ ముందు రోజు వాళ్ళ ఇంట్లో రాగి, ఇత్తడి అంతా చింతపండు, రాళ్ళుప్పు పెట్టి తోముతారు. చెంబులతో పాటు ఈ బిళ్ళనూ తోముతారు. మూడు నాలుగు తరాలు అలా తోమగా ఆ స్త్రీ ముక్కు పోయింది, కన్ను పోయింది, జుట్టు పాయలు కలిసిపోయాయి. నేను చేరిన ఏడాది డిసెంబరులో ఆవిడ కొట్లోనే కూర్చుని దాన్ని తోమి, కడిగి, నా చేతికి ఇచ్చారు. వెచ్చగా, ఎర్రగా, అప్పుడే పుట్టిన పిల్లలా ఉంది.

"నీకు లెక్కలొచ్చు గదా. దండ కింద ఏవో అంకెలున్నాయి, చూడు."

వెలుతురుకు పట్టి చూశాను. పైన ఒకటి. కింద అడ్డగీత. గీత కింద మూడు సున్నాలు.

"ఇది తప్పండి. కింద అన్నీ సున్నాలే ఉన్నాయి. సున్నాతో భాగించకూడదు. ఇలాంటి లెక్కే ఉండదు."

"ఉండదా?"

"ఉండదండి."

"ఉండకూడనిది నీ అరచేతిలో ఉంది గదా. ఇప్పుడేం చేస్తావు?"

ఎకరానికి వంద సెంట్లు అన్నట్టు డాలరుకు వంద సెంట్లని మాత్రం తెలుసు. వందో వంతు అని రాయబోయి తప్పు రాశారేమో అన్నాను. అంత పెద్ద దేశం డబ్బు మీద తప్పు రాస్తుందా అని మళ్ళీ నేనే అన్నాను. "దేశం రాస్తదా, మనిషి రాస్తాడా?" అని ఆవిడ తాడు మెడలో వేసుకున్నారు.

ఆ తర్వాత ఏడాది గుడివాడలో నాణేలు పోగుచేసేవాళ్ళ సంఘం ఒకటి ఉందని తెలిసింది. ఏటా ఒక కల్యాణమండపంలో ప్రదర్శన పెడతారు. ఆవిడ నన్ను వెంటబెట్టుకొని బస్సెక్కారు. సంఘం కార్యదర్శి ఒక పళ్ళ డాక్టరు గారు. చెడ్డ మనిషి కాదు, కుర్చీ వేసి మంచినీళ్ళు ఇప్పించారు. భూతద్దం తీసి తాడు పట్టుకొని చూశారు. చుట్టూ పదిమంది చేరారు.

"అమ్మా, మిమ్మల్ని ఎవరో మోసం చేశారు" అన్నారాయన మెల్లగా. "అమెరికా టంకశాల వంద వేయాల్సిన చోట సున్నా వేస్తుందా? ఎవరో పల్లెటూరి పనివాడు పోతపోసిన దొంగ నాణెం ఇది."

"మోసం చేసినోళ్ళు పోయి వందేళ్ళు దాటిందండి. మోసపోయిన మా ముత్తాతా పోయాడు. ఇంక నష్టం ఎవరికి?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. డాక్టరు గారూ నవ్వారు. "అసలుదే అనుకున్నా, పనికిరాదండి. చిల్లు కొట్టేశారు. పైగా చింతపండేసి తోమేశారు. రాగి మీద పాత రంగు ఉంటేనే దానికి విలువ. మొహం మొత్తం పోగొట్టారు."

"మొహం కడుక్కోవద్దా మరి?" అని ఆవిడ లేచారు.

తిరుగు బస్సు గుడ్లవల్లేరు దాటింది. ఆవిడ కిటికీలోంచి చూస్తూనే అన్నారు. "విలువ లేదన్నాడు, సరే. తోమకూడదన్నాడు, సరే. ఆయన చదువుకున్నాడు, చెప్పాడు. కానీ దొంగదన్నాడు ప్రసాదూ. మా ముత్తాత అబద్ధం చెప్పాడన్నట్టేగా అది. పడవ నడుపుకునేవోడు దొంగ బిళ్ళ పోతపోయించి, దొరసాని ఇచ్చిందని ఊరికి చెప్పుకున్నాడా?" నేను ఏదో ఓదార్పు మాట అనబోయాను. "నువ్వు ఊరుకో. ఇలాంటివి ఇంకెక్కడున్నాయో వెతుకు. పక్కన పెట్టి చూద్దాం."

అలా మొదలైంది మా పోగు. పోగు అంటే పెద్ద మాట. అమెరికా వాళ్ళ పాత రాగి కృష్ణా జిల్లాలో దొరకడం అంటే వరిచేలో ముత్యం దొరకడమే. ఏడెనిమిదేళ్ళలో మాకు దొరికినవి మూడు. అవనిగడ్డలో ఒక పాత మిషను బంగళా సామాను వేలం వేస్తే, కుట్టుపని పెట్టె అడుగున ఒకటి దొరికింది. ఘంటసాల గోనెలో కుంకుమ భరిణెలో రెండోది. మూడోది గిలకలదిండిలో. అక్కడ ఒక ముసలావిడ బాలింతలకు పిప్పళ్ళు, కరక్కాయలు అమ్మేది. ఆమె చిన్న తక్కెడలో తులం రాయి బదులు ఒక రాగి నాణెం ఉందని ఎవరో చెప్పారు. వెళ్ళి చూస్తే అదే స్త్రీ తల, ముక్కూ కన్నూ చెక్కు చెదరకుండా.

"అవ్వా, ఇది తులానికి కొంచెం తక్కువ తూగుతుంది" అన్నాను.

"అందుకే గదా బాబూ వాడేది" అంది ఆమె.

కృపమ్మ గారు పడీపడీ నవ్వి, నిజమైన తులం రాయి ఒకటీ, రెండు స్టీలు గిన్నెలూ ఇచ్చి దాన్ని తెచ్చుకున్నారు. ఆ సాయంత్రం మూడూ వరసగా పెట్టి, తాడు ముందుకు లాగి నాలుగోది పక్కన పట్టుకున్నారు. తూకం చూశాను. అరుగుదల, చిల్లు లెక్కలోకి తీసుకుంటే నాలుగూ ఒకే ఇంటివి. కానీ మొదటి మూడింటి మీదా దండ కింద ఒకటి, గీత, వంద. లెక్క సరిగ్గా ఉంది. నాలుగో దాని మీదే సున్నాలు. వెతికి తెచ్చిన సాక్షులు ముగ్గురూ ఎదుటి పక్షానికి చెప్పినట్టయింది. ఆ మాట నేను అనలేక అంటే ఆవిడ తేలిగ్గా తీసుకున్నారు.

"తరగతిలో ముగ్గురు సరిగ్గా చెప్తే నాలుగోవాడు బడికి రానట్టా?"

నాకు అప్పట్లో ఆ మొండితనం అర్థమయ్యేది కాదు. లెక్కలో మొండితనానికి చోటు లేదు. ఆధారం ఎటు చూపిస్తే అటు వెళ్ళాలి. ఆవిడ ఆధారాన్ని కాదనలేదు, దాచనూ లేదు. మూడింటినీ అందరికీ చూపించి, వాటి మీద వంద ఉందని తనే చెప్పి, "అయినా ఇది మాదే, నిజమైందే" అనేవారు. రెండు మాటలూ ఒకే గొంతుతో అనడం నేను మరెవరి దగ్గరా వినలేదు.

రెండు వేల సంవత్సరం దాటాక, గుడివాడలోనూ ఇంటర్నెట్ సెంటర్లు వెలిసిన కాలంలో, ఒక మధ్యాహ్నం పళ్ళ డాక్టరు గారు మా కొట్టు ముందు కారు దిగారు. చేతిలో ప్రింటు తీసిన కాగితాలు. ఆవిడ పీట మీద కూర్చుని పేర్లు చదువుతున్నారు. ఆయన చెప్పులు బయట విప్పి లోపలికి వచ్చారు.

"అమ్మా, పొరపాటు నాది. ఇన్నేళ్ళూ మనసులో పెట్టుకున్నాను, మొన్న ఇంటర్నెట్‌లో వెతికాను. ఆ తప్పు నిజంగానే జరిగింది. ఆ రోజుల్లో అచ్చు దిమ్మె మీద అక్షరాలు, అంకెలు ఒక్కొక్కటే చేత్తో కొట్టేవారట. ఎవరో పనివాడు ఒకటి కొట్టాల్సిన చోట సున్నా కొట్టాడు. చూసుకునేలోపు నాణేలు బయటికి వెళ్ళిపోయాయి. మీ మెడలో ఉన్నది అదే." కాగితం మీద బొమ్మ చూపించారు. ఒకటి, గీత, మూడు సున్నాలు.

కృపమ్మ గారు ఆ బొమ్మను చాలాసేపు చూశారు. ఒడిలో ఉన్న మరచెంబు మీద వేలు పెట్టారు. "మన గిన్నెల మీద పేర్లు కొట్టేవోళ్ళు లేరూ, వాళ్ళలాంటోడే" అన్నారు. ఆ తర్వాత కళ్ళజోడు తీసి పక్కన పెట్టి, కొంగుతో మొహం ఒత్తుకున్నారు. నేను టీ చెప్పడానికి బయటికి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి డాక్టరు గారు అసలు సంగతికి వచ్చారు. ఈ ఏడు ప్రదర్శనలో ఆవిడ నాణేలకు గుమ్మం ఎదురుగా మొదటి బల్ల. దండ, శాలువా. ఒక్కటే అడ్డు. చిల్లు పడిన నాణెం బల్ల మీద పెట్టకూడదని సంఘం నియమం.

"అదేం పెద్ద పని కాదమ్మా. చిలకలపూడిలో మంచి పనివాడు ఉన్నాడు. రాగితో పూడ్చి, పైన నునుపు చేసి, పాత రంగు కూడా పట్టించి ఇస్తాడు. అతుకు కనపడదు. అందరూ చేయించుకునేదే. ఖర్చు నాది."

"పన్ననుకున్నారా డాక్టరు గారూ, పుచ్చిందని పూడ్చడానికి?"

ఆయన నవ్వారు గానీ వదల్లేదు. నా వైపు చూశారు. నేను ఆయన పక్షమే. నా లెక్క నాకుంది. చిల్లులో పోయిన రాగి నలుసంత. తోమడంలో పోయింది అంతకంటే ఎక్కువ. నలుసంత రాగి తిరిగి పెడితే, ముత్తాత మాట నిజమని జిల్లా అంతటి ముందు తేలుతుంది. ఇన్నేళ్ళు ఆవిడ కోరుకున్నది అదే. అదంతా చెప్పాను.

"పూడిస్తే ఎవరికీ తెలియదండి" అని కూడా అన్నాను.

"నీకు తెలీదా? నాకు తెలీదా?" ఆవిడ తాడును ముందుకు లాగి బిళ్ళను అరచేతిలో పెట్టుకున్నారు. "ఈ బొమ్మ వాళ్ళది. రాత వాళ్ళది. రాతలో తప్పు కూడా వాళ్ళదేనని ఇప్పుడు డాక్టరు గారు తేల్చారు. దీని మీద మాదంటూ ఉన్నది ఈ చిల్లొక్కటే. అది మా ముత్తాత కొట్టాడు. ఆయనకి పేరు కొట్టించుకోడానికి ఇంట్లో గిన్నె లేదు, రాయడం రాదు. ఇదే ఆయన సంతకం. దీన్ని పూడ్చి బల్ల మీద పెట్టుకుంటే మీ మొదటి బల్ల మీద ఎవరుంటారండీ? అమెరికా వాళ్ళుంటారు. మా వోడు ఎక్కడ?"

బయట రిక్షా బెల్లు వినిపించింది. టీ చల్లారింది.

"వాళ్ళ తప్పుకి విలువ ఉందంట, మా చిల్లుకి లేదంట" అని ఆవిడ నాతో అన్నారు, డాక్టరు గారు వినేటట్టే. "తూకం వేసేవోడివి, ఇదేం కాటారా?"

ప్రదర్శన రోజున మేము గుడివాడ వెళ్ళాం. ఆవిడ రారేమో అనుకున్నాను. వచ్చారు. మంచి మూడు నాణేలూ బల్ల మీద గాజు కింద పెట్టించారు. నాలుగోది మెడలోనే ఉంది. ఇస్త్రీ చేసిన తెల్ల చీర మీద, ముందురోజు చింతపండుతో తోమిన బిళ్ళ నిప్పుకణికలా ఉంది. ఆవిడ బల్ల వెనకాల కుర్చీ వద్దని, బల్ల పక్కన నిలబడ్డారు. నియమం బల్ల మీద పెట్టేవాటికి. మనిషి మెడకు నియమం రాయడం వాళ్ళకు తట్టలేదు.

సంఘం అధ్యక్షుడు గారు వచ్చి, "అమ్మా, అది లోపల వేసుకుంటే బాగుంటుంది" అన్నారు.

"ఉక్కపోతండి" అన్నారు కృపమ్మ గారు.

జనం మొదట గాజు కింద చూసేవారు. మూడు సెంట్లు, శుభ్రంగా, సరైన లెక్కతో. చూసి తలెత్తితే ఎదురుగా నాలుగోది. ఎవరో అడిగారు. ఆవిడ చెప్పడం మొదలుపెట్టారు. పడవ, డాక్టరమ్మ, చెల్లదన్న కొట్టువాళ్ళు, మేకు. వినడానికి ఇంకొందరు చేరారు. మోపిదేవి నుంచి వచ్చిన ఒక ఆవిడ, మా మామ్మకీ మెడలో ఇలాంటి బిళ్ళే ఉండేదండీ, పాత సామాన్లవాడికి వేసేశాం అని చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఒక పెద్దాయన చొక్కా పైకెత్తి, మొలతాడుకున్న చిల్లుకాణీ చూపించి, దీనికీ బల్ల ఇప్పిస్తారా అని అడిగాడు. నవ్వులు లేచాయి. మధ్యాహ్నానికి ఆ మూల సందడి తట్టుకోలేక, పక్క బల్లల మీద మొఘలు వెండి పెట్టుకున్నవాళ్ళు కూడా లేచి వచ్చారు.

చివరికి డాక్టరు గారు వచ్చారు. భూతద్దం చేతిలో ఉంది. ఒక ఆడమనిషి మెడ దగ్గర వంగడానికి మొహమాటపడి నిలబడిపోయారు. కృపమ్మ గారే తాడు పొడుగ్గా ముందుకు లాగి పట్టుకున్నారు.

"చదవండి, పైకి చదవండి. వీళ్ళంతా విననీండి."

ఆయన వంగి చదివారు. "ఒకటి. గీత. సున్నా, సున్నా, సున్నా." ఆగారు. ఇంకోటి మిగిలింది గదా అన్నట్టు ఆవిడ చూస్తున్నారు. ఆయన భూతద్దం పైకి జరిపారు. "పైన చిల్లు" అన్నారు.

"హాజరు వేశారు" అన్నారు కృపమ్మ గారు, నా వైపు తిరిగి.

శాలువా ఆ ఏడు వేరే ఎవరికో కప్పారు. ఎవరికో నాకు గుర్తులేదు, అక్కడున్నవాళ్ళలో ఇంకెవరికీ గుర్తుండదని పందెం కాస్తాను. మరుసటి ఏడు కూడా ఆవిడ అలాగే వెళ్ళి అలాగే నిలబడ్డారు. నియమం మార్చమని ఎవరినీ అడగలేదు. వాళ్ళూ మార్చలేదు.

ఆవిడ పోయి చాలా కాలమైంది. కొట్టు లేదు. మూడు మంచి నాణేలూ ఆవిడ నాకు ఇవ్వబోతే నేను తీసుకోలేదు. అవి డాక్టరు గారి సంఘానికి వెళ్ళాయి, గాజు కింద ఉన్నాయి. నాలుగోది నాగాయలంకలో ఆవిడ తమ్ముడి మనవరాలు జ్యోతి మెడలో ఉంది. ఒక డిసెంబరులో నేను వాళ్ళింటికి వెళ్ళేసరికి నాణేల వ్యాపారి ఒకతను హైదరాబాదు నుంచి వచ్చి కూర్చుని ఉన్నాడు. ఎంతకైనా కొంటానన్నాడు. జ్యోతి ఇవ్వనంది. అతను తెలివైనవాడు, సరేనని లేచి, "ఒక్క మాట వినమ్మా, ఇకనుంచైనా దీన్ని తోమకండి. తోమే కొద్దీ పోతుంది" అన్నాడు. మంచి మాటే. నాకూ తెలిసిన మాటే.

"అట్లాగేనండి" అని జ్యోతి తాడు విప్పింది. పక్కనే గిన్నెలో నానబెట్టిన చింతపండు ఉంది. గుప్పెడు తీసి బిళ్ళకు పట్టించింది. "రేపు పండగ గదండి" అంది అతనితో, బొటనవేలితో రుద్దుతూ.

కడిగి నా చేతికి ఇచ్చింది. వెలుతురుకు పట్టి చూశాను. సున్నాలు దాదాపు పోయాయి. గీత ఉందంటే ఉంది. ఒకటి ఉంది. ఇంకో తరం తోమితే అమెరికా వాడి తప్పుకు సాక్ష్యం మిగలదు, ఒప్పుకూ మిగలదు. చిల్లు మాత్రం ఏళ్ళ తరబడి తాడు రాపిడికి ఇంకాస్త పెద్దదైంది. అది అరిగే కొద్దీ పెరిగేది. లెక్కలవాణ్ణి, అప్పటిదాకా నాకు ఆ సంగతి తట్టలేదు.

ఈ రోజు వచ్చిన నాణేన్ని నేను తోమలేదు. దీన్ని కట్టుకున్నవాళ్ళు తోమేవాళ్ళో లేదో నాకు తెలియదు, అది వాళ్ళ ఇంటి సంగతి. బొమ్మ తలకిందులు కాకుండా చూసి కొట్టారు చిల్లు. చేయి తెలిసిన మనిషే కొట్టారు. బిడ్డ మెడకు కట్టారేమో, పడవ తాడుకు కట్టారేమో. వాళ్ళ పేరు ఏ కాగితం మీదా లేదు. పళ్ళెం ముందు కూర్చుని, మా ఆవిడ వింటుందని సిగ్గుపడకుండా, ఉన్నదంతా పైకి చదివాను. తల. దండ. ఒకటి, గీత, వంద. పైన చిల్లు.

పెరట్లోంచి మా ఆవిడ అడిగింది, ఎవరితో మాట్లాడుతున్నారని.

"హాజరు వేస్తున్నాను" అన్నాను.